చెన్నై వాననీటి కాలువలు: కట్టడానికి నాలుగు మార్కులు, పూడికతీతకు రెండు

చెన్నైలో ఇల్లు చూడబోయిన మనవాళ్లు ముందుగా అడిగేది "ఇక్కడ నీళ్లు నిలుస్తాయా?" అనే. "కొత్త డ్రెయిన్ వేశారండీ" అని బ్రోకరు జవాబు. 2015 డిసెంబరు వరద నుంచి తేరుకోవడానికి నగరం పెట్టిన ఖర్చులో కంటికి కనిపించేది ఈ డ్రెయిన్లే. అందుకే వీటిని పన్ను కట్టి కొనుక్కున్న సేవగా చూసి మార్కులు వేయాలి. మా లెక్కలో కట్టడానికి ఐదుకు నాలుగు, నిర్వహణకు రెండు.

ప్లాను మంచిదే. వీధికో ముక్క తవ్వే పాత పద్ధతి పక్కనపెట్టి, ఏ వాన ఏ నదిలో పడుతుందో చూసి నగరాన్ని విడగొట్టారు. అప్పు కూడా ఆ విభజన ప్రకారమే తెచ్చారు. అడయారు, కూవం వైపు పనులకు ప్రపంచ బ్యాంకు, ఉత్తరాన కొసస్థలైయారు వైపు ఆసియా అభివృద్ధి బ్యాంకు, దక్షిణాన కోవళం వైపు జర్మనీ ప్రభుత్వ బ్యాంకు కేఎఫ్‌డబ్ల్యూ అప్పిచ్చాయి. ఒక్క కొసస్థలైయారు పథకానికే 25.1 కోట్ల డాలర్లు. అందులో 588 కిలోమీటర్ల కొత్త కాలువలు, నీళ్లు భూమిలోకి ఇంకడానికి 23,000 గుంతలు ఉన్నాయి. కోవళం వైపు మాత్రం ఈస్ట్ కోస్ట్ రోడ్డు వాసులు అభ్యంతరం చెప్పారు. ఇసుక నేల వానను తానే తాగేస్తుంది, అక్కడ కాంక్రీటు కాలువ పెడితే బావులు ఉప్పుబారతాయి అన్నది వాళ్ల వాదన. అది న్యాయమైన వాదన.

గ్రాంటు సొమ్ముది వేరే దారి. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి వేసిన లెక్కన రాష్ట్ర విపత్తు నిధిలో నూటికి 20 ముప్పు తగ్గించే పనులకు పోవాలన్నారు. మిగతా 80లో 40 తక్షణ సాయానికి, 30 పునర్నిర్మాణానికి, 10 ముందస్తు సన్నాహాలకు. దీనికి తోడు పట్టణ వరదల పనులకని చెన్నై, ముంబయి, కోల్‌కతాలకు తలా 500 కోట్లు కేటాయించారు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చిన వారంలోనే చెన్నైకి ఆమోదించిన 561.29 కోట్ల పథకంలో కేంద్రం సొమ్ము ఆ 500 కోట్లే. అదే నెల రేషన్ షాపుల్లో పంచిన 6,000 రూపాయలు తక్షణ సాయం ఖాతాలోవి. ఈ రెండింటినీ కలిపి మాట్లాడితే లెక్క తప్పుతుంది.

అసలు లోపం ఎక్కడంటే, ఈ అప్పులూ గ్రాంట్లూ కాలువలు నిర్మించేందుకు వచ్చినవి. ఏటేటా పూడిక తీయించే ఖర్చు కార్పొరేషన్ సొంత రాబడి మీద, ముఖ్యంగా ఆస్తి పన్ను మీద పడుతుంది. 2022లో పాత చెన్నై పరిధిలో ఆ పన్ను ఇంటి విస్తీర్ణాన్ని బట్టి 50 నుంచి 150 శాతం పెరిగింది. కాబట్టి పూడిక గురించి అడిగే హక్కు మనకు పూర్తిగా ఉంది.

పూడిక ఎంత నష్టం చేస్తుందో ఒక మామూలు వీధి కాలువ మీద లెక్కేద్దాం. వెడల్పు 600 మిల్లీమీటర్లు, నీటి లోతు 450, వెయ్యి మీటర్లకు ఒక మీటరు వాటం. శుభ్రంగా ఉంటే సెకనుకు సుమారు 181 లీటర్లు లాగుతుంది. అడుగున 150 మిల్లీమీటర్ల ఇసుక మేట వేస్తే 107కు పడిపోతుంది. లోతు మూడోవంతు తగ్గితే ప్రవాహం నూటికి 41 తగ్గిందన్నమాట. ఇళ్లూ సిమెంటూ కప్పేసిన ఒక హెక్టారు మీద గంటకు 50 మిల్లీమీటర్ల వాన కురిసి, అందులో నూటికి 80 కాలువకు చేరుతుందనుకుంటే వచ్చే నీరు సెకనుకు 111 లీటర్లు. శుభ్రమైన కాలువకు అది తేలిక, పూడినదానికి భారం. వాన 100కు చేరితే శుభ్రమైన కాలువ కూడా చాలదు. ఆ గంట వీధిలో నీళ్లు నిలుస్తాయి. అది కాలువ తప్పు కాదు. వాన తగ్గాక ఎంత త్వరగా దిగుతాయన్నదే చూడాలి.

నీరు పల్లమెరుగు అంటాం గానీ చెన్నైలో పల్లమే తక్కువ. వీధి కాలువ కార్పొరేషన్‌ది, అది కలిసే పెద్ద కాలువలూ నదులూ జలవనరుల శాఖవి, పక్కనే నడిచే మురుగు పైపు నగర నీటి, మురుగు బోర్డు మెట్రోవాటర్‌ది. బకింగ్‌హాం కాలువలో మట్టం ఎక్కువగా ఉంటే, దానిలో పడే వీధి కాలువ ఎంత బాగా కట్టినా నీరు వెనక్కే తంతుంది. నదీముఖంలో ఇసుక మేట, ఆటుపోటు, తుపానుకు ఉబ్బిన సముద్రం కలిస్తే అడయారు కూడా అంతే. వేళచ్చేరి, పళ్లికరణై ప్రాంతాలు ఎప్పుడూ ఆలస్యంగా తేలడానికి కారణం ఇదే: చుట్టుపక్కల చెరువుల మిగులు నీరంతా పళ్లికరణై చిత్తడి నేలలోకే వస్తుంది, బయటికి పోయే దారి ఇరుకు. అక్కడ కొత్త డ్రెయిన్ చూసి ఇల్లు కొనకండి.

మీ వీధి కాలువను సెప్టెంబరు చివర్లోనే చూసుకోండి. వాన లేని రోజున అందులో నీళ్లు పారుతుంటే ఎవరో మురుగు కనెక్షన్ కలిపారని అర్థం. దానికి మెట్రోవాటర్ 1916కు చెప్పాలి. కాలువలోకి మనిషిని దింపనివ్వకండి, విషవాయువు ఉంటుంది. రోడ్డు పక్క జాలీ కింద గుంత అడుగు, పైపు మూతి కంటే కిందికి ఉండాలి. లేకపోతే ఇసుక గుంతలో ఆగకుండా నేరుగా కాలువలోకి పోతుంది. కొత్త తారు పోస్తుంటే పాత పొర గీకారా లేదా చూడండి. గీకి తీరాలని రాష్ట్ర ప్రభుత్వం 2021లోనే ఆదేశించింది. గీకకపోతే రోడ్డు ఎత్తు పెరిగి జాలీ గోతిలో ఉన్నట్టు అవుతుంది, నీళ్లు మీ గేటులోకి వస్తాయి. తీసిన పూడికను గట్టునే వదిలేయడం మరీ అన్యాయం. తొలి వానకే అదంతా తిరిగి లోపలికి పోతుంది. ఇలాంటివాటికి కార్పొరేషన్ నంబరు 1913.

ఫిర్యాదులో "డ్రెయిన్ బాగోలేదు" అని రాస్తే మూసేస్తారు. వీధి పేరు, ఏ ఇంటి నంబరు నుంచి ఏ ఇంటి దాకా, ఇనుప కడ్డీ దించి కొలిచిన పూడిక మందం, ఫోటో ఇవ్వండి. ఏరియా సభలో (వార్డులో స్థానికులతో జరిపే సమావేశం) పూడికతీత జాబితా అడగండి: పొడవు ఎంత, తేదీ ఏది, ఎన్ని ఘనపు మీటర్లు తీశారు. 600 మిల్లీమీటర్ల కాలువలో 150 పూడిక ఉంటే 100 మీటర్లకు 9 ఘనపు మీటర్లు రావాలి. జాబితాలో 2 అని ఉంటే, మిగతా 7 ఇంకా కాలువలోనే ఉంది.