ఈసీ, లాయరు, బ్యాంకు లోను: ఇల్లు కొనేముందు దేన్ని నమ్మాలి?

మా పిన్ని కొడుకు కర్నూలు వన్ టౌన్‌లో మూడు సెంట్ల పాత ఇల్లు చూసుకున్నాడు. బేరం 30 లక్షలకు తెగింది. ఈసీ అంటే ఎన్‌కంబ్రన్స్ సర్టిఫికెట్, ఆ ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలూ తనఖాలూ చూపే కాగితం. బ్రోకరు దాన్ని తెచ్చి చేతిలో పెట్టాడు. "నిల్ వచ్చిందన్నా, ఒక్క మచ్చ లేదు. రేపే అడ్వాన్సు ఇచ్చేయండి, ఆదోని పార్టీ ఒకటి దీని చుట్టూనే తిరుగుతోంది." మా వాడు నాకు ఫోన్ చేసింది కాగితం చూడమని కాదు, ఒక లక్ష సర్దమని.

అమ్మేవాళ్లు ఆ ఇల్లు ఎప్పుడు కొన్నారని అడిగాను. 1996లో, రిజిస్టర్డ్ డాక్యుమెంటుతోనే కొన్నారట. మరి ఈసీ నిల్ ఎలా వచ్చింది? ఇంకేం లేకపోయినా ఆ 1996 కొనుగోలైనా అందులో కనబడాలి కదా! ఆ కాగితానికి అర్థం, వెతికిన నంబరు మీద ఏమీ దొరకలేదని మాత్రమే. వాళ్లు కొత్త డోర్ నంబరుతో వెతికారు, డాక్యుమెంటులో ఉన్నది పాత నంబరు. పాతదానితో వెతికిస్తే రెండు ఎంట్రీలు వచ్చాయి. ఒకటి 1996 కొనుగోలు. దాని కింద 2014 నాటి తనఖా.

అప్పుడు వాడు అడిగాడు: "అన్నా, ఈసీ మనమే చూసుకుంటే చాలా, లాయరుకు చూపించాలా? బ్యాంకు లోను పెడితే వాళ్లే అన్నీ చూసుకుంటారంటున్నారు, అదైతే మేలా?"

ఖర్చులో ఈసీకి సాటి లేదు. మన రాష్ట్రంలో 1983 నుంచి జరిగిన రిజిస్ట్రేషన్లు కంప్యూటర్లోనే దొరుకుతాయి, అంతకు ముందువి కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అడగాలి. డోర్ నంబరు పాతదీ కొత్తదీ, సర్వే నంబరు, ప్లాటు నంబరు, డాక్యుమెంటు నంబరు, అన్నిటితో వెతికించుకోండి. చెక్కుబందీ, అంటే నాలుగు వైపులా హద్దులు, కూడా పోల్చుకోవాలి. డాక్యుమెంటులో తూర్పున రస్తా అని ఉండి, అక్కడ ఎవరిదో ఇల్లు ఉంటే ఆగిపోవాల్సిందే. రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల నిషేధిత జాబితా, అదే 22ఏ లిస్టు, కూడా చూడాలి. ఊరి అంచున వేసిన వెంచర్లలో ప్లాటైతే ఇది మరీ ముఖ్యం, ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూములూ, రికార్డులో పేరు బదులు చుక్కలున్న చుక్కల భూములూ ఆ లిస్టులోనే బయటపడతాయి.

కానీ రిజిస్టర్ కానిది ఏదీ ఈసీకి తెలియదు. కోర్టు కేసు, స్టాంపు పేపరు మీద ఇంకొకరితో రాసుకున్న అగ్రిమెంటు, ఇంట్లో దాచిన వీలునామా, ఇవేవీ అందులో రావు. అన్నిటికంటే ప్రమాదం, ఒరిజినల్ డాక్యుమెంటు ఎవరి దగ్గరో పెట్టి తెచ్చుకున్న అప్పు. ఒరిజినల్ చూపించమంటే కర్నూల్లో ఒక రెడీమేడ్ జవాబు ఉంది: "ఒరిజినల్ 2009 వరదలో పోయింది సార్." ఆ అక్టోబరులో తుంగభద్ర ఊళ్లోకి వచ్చినప్పుడు బీరువాలతో సహా కొట్టుకుపోయిన ఇళ్లు నిజంగానే ఉన్నాయి. అందుకే ఆ మాట అబద్ధమని కొట్టిపారేయలేం. అలాగని నమ్మి సర్టిఫైడ్ కాపీతో సరిపెట్టుకోనూ లేం. అసలు కాగితం వడ్డీ వ్యాపారి బీరువాలో ఉన్నా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో కాపీ ఇస్తారు మరి.

లాయరు పనికొచ్చేది ఇక్కడే. పోయిందని అప్పట్లో పోలీసులకు ఫిర్యాదు ఇచ్చారా, పేపర్లో ప్రకటన వేశారా అని అడుగుతాడు. మనం కొంటున్నట్టు, అభ్యంతరాలుంటే చెప్పమని ఇప్పుడు ఇంకో ప్రకటన వేయిస్తాడు. 30 ఏళ్ల లింకు డాక్యుమెంట్లు, అంటే ఆ ఇల్లు చేతులు మారిన పాత కాగితాలు, తిరగేసి వారసుల లెక్క తీస్తాడు. తండ్రి పేరున్న ఇంటిని కొడుకులిద్దరే అమ్ముతుంటే, ఆడపిల్లల సంతకాలేవీ అంటాడు. ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచే, దేశమంతటా 2005 నుంచి, ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు హక్కు ఉంది. మైనర్ పిల్లల వాటాను కోర్టు అనుమతి లేకుండా అమ్మి ఉంటే, పిల్లవాడు మేజరయ్యాక మూడేళ్లలోపు కేసు వేయొచ్చు. ఇవి మన కంటికి ఆనవు. 30 లక్షల మీద స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ అన్నీ కలిపి 7.5 శాతం, అంటే 2 లక్షల 25 వేలు మారుమాట లేకుండా కట్టేవాళ్లం, లాయరు ఫీజు కొన్ని వేలనేసరికి లెక్కలేస్తాం. ఒక్క జాగ్రత్త: బ్రోకరు తెచ్చిన లాయరు వద్దు.

బ్యాంకు లోను సంగతి. చేతిలో డబ్బున్నా, పరీక్ష కోసమని చిన్న లోను పెట్టేవాళ్లు నాకు తెలుసు. తెలివి తక్కువ పనేం కాదు. ఒరిజినల్ లేకపోతే బ్యాంకు చాలావరకు ఫైలు ముట్టుకోదు, కాబట్టి వరద కథ అక్కడ నడవదు. ఇదే ఇంటిని ఇంకో బ్యాంకులో పెట్టారేమో సెర్సాయ్‌లో, అంటే బ్యాంకుల తనఖాలు నమోదయ్యే కేంద్ర రికార్డులో, చూస్తారు. ప్రైవేటు వడ్డీ వ్యాపారుల సంగతి మాత్రం అందులో ఉండదు. ఇంకోటి, కాగితాలు చూడ్డానికి బ్యాంకు పెట్టుకున్న ప్యానెల్ లాయరు పనిచేసేది బ్యాంకు కోసం. తర్వాత ఏ మేనత్తో కోర్టుకెళ్తే వాయిదాలకు తిరిగేది మనం, ఈఎంఐ కట్టేదీ మనమే.

నన్నడిగితే ఈసీ ముందు, అడ్వాన్సు మాట ఎత్తకముందే. సగం బేరాలు అక్కడే తేలిపోతాయి. అది దాటితే లాయరు. లోను మనకు అవసరముంటేనే. లాయరు, లోను, ఈ రెంటిలో ఒకటే ఎంచుకోమంటే లాయరునే పట్టుకుంటాను. అడ్వాన్సు ఎలాగూ బ్యాంకు ద్వారానే ఇవ్వాలి. స్థలం, ఇల్లు బేరంలో 20 వేలు, అంతకు మించి నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టానికి విరుద్ధం. పైగా నగదుకు సాక్ష్యం ఉండదు.

అమ్మేవాళ్లకు ఈ మూడూ పెద్దగా ఉపయోగపడవు. వాళ్ల ముప్పు వేరు. తర్వాతెప్పుడో తేదీ వేసిన చెక్కు తీసుకుని సంతకం పెడితే, తర్వాత చెక్కు చెల్లకపోయినా రిజిస్ట్రేషన్ దానంతట అది రద్దు కాదు, కోర్టుకెక్కాల్సిందే. డబ్బు ఖాతాలో పడిందని చూసుకున్నాకే వేలిముద్ర వేయండి. తిరగలేక బ్రోకరుకే జీపీఏ, అంటే తమ తరఫున సంతకం పెట్టే అధికారం, రాసిచ్చే పెద్దవాళ్లను చూస్తే మాత్రం నాకు భయమేస్తుంది.

మా వాడి బేరం చెడలేదు. తనఖా తీర్చేసి, దాన్ని రద్దు చేస్తూ రిజిస్టర్ చేయించి చూపిస్తేనే అడ్వాన్సన్నాం. నెలన్నర పట్టింది. ఆదోని పార్టీ జాడ లేదు. రిజిస్ట్రేషన్ రోజు పొద్దున మళ్లీ ఒకసారి పాత నంబరుతో, కొత్త నంబరుతో ఈసీ తీశాం. బ్రోకరు గడియారం చూసుకుంటూ, "ఎన్నిసార్లు తీస్తారన్నా" అన్నాడు.