ఆరున్నర లక్షల సినిమాకు ఏ అవార్డు మేలు?

మా సినిమాలో ఒక షాట్ ఉంది. పొద్దు పొడవకముందు గొర్రెల మంద చెరువు కట్ట దిగి వస్తుంది. వెనకాల భుజాన గొంగడి వేసుకున్న ముసలాయన. నలభై సెకన్లు, మధ్యలో కట్ లేదు. అచ్చంపేట దగ్గరి ఊళ్లో ఆ మంచు కోసం మూడు రోజులు తెల్లవారుజామున నాలుగింటికే లేచి కట్ట మీద నిలబడ్డాం. సినిమా చూసినవాళ్లంతా ముందు ఆ షాట్ గురించే మాట్లాడతారు. ఇప్పుడు అవార్డుల దగ్గర మమ్మల్ని ఆపిందీ ఆ షాటే.

మొత్తం సినిమా 84 నిమిషాలు. తొమ్మిది మందిమి కలిసి 19 రోజుల్లో తీశాం. అయిన ఖర్చు ఆరు లక్షల నలభై వేలు. కూలీలను గుంపుగా పనికి తీసుకుపోయే మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని మొగుడు ముంబయి పనికి పోతే, ఊళ్లో మందనూ అత్తనూ చూసుకునే ఒక ఆడమనిషి కథ. పాలమూరులో పుట్టినవాళ్లకు కొత్త కథేం కాదు, కానీ తెర మీద మేం దాన్ని సరిగ్గా చూసింది తక్కువ. చేతిలో ఇంకో యాభై వేలు మిగిలాయి. వాటిని ఏ అవార్డు దారిలో పెట్టాలన్నదే నెల రోజులుగా మా మధ్య వాదన.

కెమెరామన్ జాతీయ అవార్డు అంటాడు. అతని మాటలో బలం ఉంది. 1954 నుంచి ఇస్తున్న అవార్డు అది. బి.నర్సింగరావు గారి 'దాసి' దొర గడీలో బానిసగా బతికే ఒక ఆడమనిషి కథ. అందులో స్టార్లు లేరు, పాటల హంగామా లేదు. 1988 సంవత్సరానికి ఆ ఒక్క సినిమాకే ఐదు జాతీయ అవార్డులు వచ్చాయి, అర్చనకు ఉత్తమ నటి సహా. తెలంగాణ పల్లె నుంచి చిన్న ఖర్చుతో వచ్చిన సినిమా ఢిల్లీ దాకా పోగలదని చెప్పడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. ఇప్పుడు రజత కమలానికి 2 లక్షలు, స్వర్ణ కమలానికి 3 లక్షల నగదు ఇస్తున్నారు. దర్శకుడి తొలి సినిమాకు విడిగా ఒక అవార్డు ఉంది. ప్రాంతీయ ప్యానెళ్లు ఐదు ముందు చూసి, వడపోసి, కేంద్ర జ్యూరీకి పంపుతాయి. అంటే మన సినిమాను కనీసం మన భాష తెలిసినవాళ్లు చూస్తారు.

కానీ గడప దగ్గరే సెన్సార్ సర్టిఫికెట్ అడుగుతారు. సెన్సార్‌కు పోతే, సినిమాలో జంతువులు కనిపించినందుకు జంతు సంక్షేమ బోర్డు అనుమతి పత్రం చూపమంటారు. షూటింగ్‌కు ముందే దరఖాస్తు చేసుకోవాలి, పశువైద్యుడి సర్టిఫికెట్ ఉండాలి. మాకు తెలియదు. ఆ మంద రోజూ ఆ దారినే పోయే మంద, వాటిచేత మేం ఏమీ చేయించలేదు. అయినా కాగితం కాగితమే. ఈ సంగతి చెబితే ఆ మంద ఆసామి, "మా గొర్లు మా కట్ట మీద నడిస్తే గూడ పర్మిషన్ గావాల్నా బిడ్డా?" అని అడిగాడు. నాకు ఏం చెప్పాలో తోచలేదు. జంతువులను హింసించి సినిమాలు తీసిన రోజులున్నాయి కాబట్టే ఆ నిబంధన వచ్చింది, అది ఉండాల్సిందే. అయితే పల్లె కథలు తీసేవాళ్లలో చాలామందికి సినిమా అయిపోయాకే అది తెలుస్తుంది. ఇది చదివే ఎవరైనా ఎద్దులనో మేకలనో చూపించబోతుంటే, క్లాప్ కొట్టకముందే దరఖాస్తు పెట్టండి.

నా మనసు మాత్రం మొదట్లో గద్దర్ అవార్డుల వైపు లాగింది. మన రాష్ట్రం అవార్డు. నంది అవార్డులు ఆగిపోయాక ఏళ్ల తరబడి ఏమీ లేని చోట, 2025 జూన్ 14న హైదరాబాద్ హైటెక్స్‌లో తొలిసారి గద్దర్ పేరిట ఇచ్చారు. ఆ పేరు ఊరికే పెట్టుకున్నది కాదు. 'మా భూమి'లో 'బండెనక బండి కట్టి' పాడుతూ తెర మీద కనిపించిన మనిషి గద్దర్. నల్లగొండ జిల్లా తాతలు చూసిన సాయుధ పోరాటాన్ని జనం ముందు పెట్టిన సినిమా అది, పెద్ద కంపెనీల డబ్బుతో తీసింది కాదు. అలాంటి పేరున్న అవార్డు మాలాంటివాళ్లకు ఇంటి గుమ్మంలా అనిపించింది.

తొలి ఏడాది ఉత్తమ చిత్రం 'కల్కి 2898 ఏడీ'. ఆ సినిమా చేసినవాళ్ల శ్రమను నేను తక్కువ చేయను. రెండో ఉత్తమ చిత్రంగా 'పొట్టేల్' వచ్చినందుకు నిజంగా సంతోషపడ్డాను. బిడ్డను చదివించుకోవాలని తండ్రి పడే ఆరాటం అది. చిన్న సినిమాను జ్యూరీ వదిలేయలేదని అర్థమైంది. కానీ వందల కోట్ల సినిమానూ ఆరు లక్షల సినిమానూ ఒకే వరసలో నిలబెట్టి ఏది ఉత్తమం అంటే ఎట్లా తూస్తారు? మా సినిమాలో రాత్రి సీనుకు ట్రాక్టర్ హెడ్‌లైట్లే లైటింగ్. వెలుగు పసుపుగా పడింది, నీడలు గట్టిగా పడ్డాయి. సాంకేతిక మార్కులు వేసేవాళ్లకు అది లోపం. మాకు ఆ ఊరి రాత్రి అట్లాగే ఉంటుంది.

అందుకే అమెరికాలో ఇచ్చే ఒక అవార్డు నియమం నాకు బాగా నచ్చింది. అక్కడ ఇండిపెండెంట్ స్పిరిట్ అవార్డుల్లో జాన్ కసావెటీస్ అనే దర్శకుడి పేరిట ఒకటి ఇస్తారు. ఒక హద్దు లోపు ఖర్చుతో తీసిన సినిమాలకే అది. మొదట్లో ఆ హద్దు 5 లక్షల డాలర్లు, ఈ మధ్యే 10 లక్షలకు పెంచారు. దర్శకుడితో పాటు రచయితకూ నిర్మాతకూ ఇస్తారు. కసావెటీస్ తన తొలి సినిమా కోసం 1950లలో న్యూయార్క్ రేడియోలో మాట్లాడుతూ వింటున్న జనాన్నే డబ్బు అడిగాడు. జనం పంపారు. మేం కూడా ఊళ్లో చందాలు రాయించుకునే మొదలుపెట్టాం కాబట్టి, ఆ సంగతి చదివినప్పుడు ఒక్క క్షణం ఆగిపోయాను.

ఆ అవార్డుకు మేం పంపలేం, అది అక్కడి సినిమాల కోసం. వాళ్ల 10 లక్షల డాలర్లంటే మన లెక్కలో ఎనిమిది కోట్ల పైనే, ఇక్కడ అది చిన్న సినిమా కాదు. మనం తీసుకోవాల్సింది ఆ అంకెను కాదు, ఆ పద్ధతిని. గద్దర్ అవార్డుల్లో 50 లక్షల లోపు సినిమాలకు ఒక విభాగం పెట్టమని నేను గట్టిగా అడుగుతాను. లెక్కలు తప్పుడువి చూపిస్తారని మా ఎడిటర్ అభ్యంతరం. నిజమే, చూపించేవాళ్లు ఉంటారు. కూలి చెల్లింపులు, అద్దె బిల్లులు, ఆడిటర్ సంతకం అడిగితే చాలావరకు వడపోత అవుతుంది. ఆరు లక్షలకు మేం రాసుకున్న లెక్క రెండు నోటు పుస్తకాలు, అందులో చాయ్ ఖర్చు కూడా ఉంది. ఎవరడిగినా చూపిస్తాం.

ఇక ఫెస్టివల్స్. ఇక్కడ ముందు మా తప్పు చెబుతాను. ఆన్‌లైన్‌లో నెలనెలా అవార్డులిచ్చే ఒక ఫెస్టివల్‌కు నలభై డాలర్లు కట్టి పంపాం. రెండు వారాల్లో 'ఉత్తమ చిత్రం' అని మెయిల్ వచ్చింది, పోస్టర్ మీద వేసుకోవడానికి ఆకుల దండ బొమ్మ కూడా. ఆ రాత్రి మిఠాయి పంచుకున్నాం. తర్వాత లింకు లెక్కలు చూస్తే వాళ్లు సినిమాను తెరిచింది ఒక్కసారి, చూసింది ఆరు నిమిషాలు. హాలు లేదు, జనం లేరు. ట్రోఫీ కావాలంటే ఇంకా డబ్బు కట్టాలట. ఆ దెబ్బతో ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఫీజు కట్టేముందు పోయిన ఏడాది ఏ హాల్లో ఏ సినిమాలు వేశారో చూస్తాం, అక్కడికి వెళ్లిన ఒక్కరితోనైనా మాట్లాడతాం.

అట్లా చూస్తే కేరళ ఫెస్టివల్ వేరే లోకం. 1996 నుంచి నడుస్తోంది, డిసెంబరులో తిరువనంతపురం థియేటర్ల ముందు మామూలు జనం వరస కడతారు. ధర్మశాలలో 2012 నుంచి జరిగే ఫెస్టివల్‌లో ఉత్తమ చిత్రాల పోటీయే లేదు. ఎంపికైతే కొండ మీద ఊళ్లో తెర మీద వేస్తారు, సినిమా అయ్యాక దర్శకుడితో మాట్లాడతారు. అవార్డు లేనిదానికి ఎందుకు పంపాలని మావాళ్లలో ఇద్దరు అడిగారు. ఆరు నిమిషాలు చూసి ఇచ్చిన అవార్డు కన్నా, 84 నిమిషాలు కూర్చున్న వందమంది నాకు కావాలి.

ఇంకో లెక్క కూడా ఉంది, అదే మా నిర్ణయాన్ని తేల్చింది. చాలా ఫెస్టివల్స్ గత ఏడాదో రెండేళ్లలోనో పూర్తయిన సినిమాలనే తీసుకుంటాయి. ముందే యూట్యూబ్‌లో పెడితే చాలా చోట్ల తలుపు మూసుకున్నట్టే. ఎడిటింగ్ ముగిసిన రోజే ఆ గడియారం మొదలైంది. ప్రభుత్వ అవార్డులకు లెక్క సెన్సార్ సర్టిఫికెట్ తేదీ నుంచి. ఆ కాగితం తీసుకోనంతవరకు అక్కడ మా సమయం ఖర్చు కాదు. కాబట్టి ముందు ఫెస్టివల్స్, ఆలోపు జంతు సంక్షేమ బోర్డుకు ఆలస్యంగానైనా దరఖాస్తు, ఆ తర్వాత సెన్సార్. అప్పుడు జాతీయ అవార్డుకూ గద్దర్ అవార్డుకూ ఒకే ఏడాది పంపుతాం. అనుమతి రాకపోతే ఆ నలభై సెకన్లు తీసేయాలి. దానికి మాత్రం నేనింకా సిద్ధంగా లేను.

యాభై వేలలో పదిహేను వేలు ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్‌కు పోయాయి. ఒక్క మాట దగ్గర రెండు రాత్రులు ఆగాం. ముంబయి బస్సు ఎక్కే కొడుకుతో తల్లి "పైలం బిడ్డా" అంటుంది. 'టేక్ కేర్' అని రాస్తే ఆఫీసు నుంచి ఇంటికి పోయేవాళ్లు చెప్పుకునే మాటలా ఉంది. ఆ తల్లి పాత్ర వేసిన పెద్దమ్మ కూలికి పోయే మనిషి, ఆమె ఇద్దరు కొడుకులూ అట్లా బస్సెక్కినవాళ్లే. ఆమెకే ఫోన్ చేసి అడిగాను. "పైలం అంటే పైలమే, ఇంకేముంటది" అంది. సబ్‌టైటిల్‌లో కూడా ఆ మాటను ఇంగ్లిష్ అక్షరాల్లో అట్లాగే ఉంచాం. ఫెస్టివల్స్‌కు సినిమా లింకు రేపు పంపుతున్నాం.