కననాస్కిస్‌లో బుల్ ట్రౌట్: 682 డాలర్ల గైడు, 15 డాలర్ల సరస్సు

కెనడాలో కాల్గరీ దగ్గరి కననాస్కిస్ కొండల్లో, సెప్టెంబర్‌లో "బుల్ ట్రౌట్ చేప గ్యారంటీ" అని ప్రకటన వేసుకున్న గైడు ఎవరైనా కనిపిస్తే ఆ పేజీ వెంటనే మూసేయండి. ఈ ముక్క చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. జీఎస్టీతో కలిపి 682 డాలర్ల 50 సెంట్లకి మేం మాట్లాడుకున్న మనిషి మమ్మల్ని తీసుకెళ్లి మూసేసిన వాగు ముందు నిలబెట్టాడు. ఆ తర్వాత 15 డాలర్ల పార్కు పాసుతో, ఎవరి సాయం లేకుండా, సరస్సు గట్టు నుంచే చేప పట్టాం. కోపం ఇంకా చల్లారలేదు, మాట కాస్త ఘాటుగా ఉంటే సర్దుకోండి.

వెళ్లింది నేను, మా బావమరిది, మా మావయ్య గారు. మేమిద్దరం కాల్గరీలో ఉంటాం. మావయ్య గారు రాజమండ్రి నుంచి వేసవికని వచ్చారు. గోదావరి గట్టున పెరిగిన మనిషి, పులసల సీజనంతా ఇక్కడే గడిచిపోతోందన్న బాధ ఆయనకి జూలై నుంచీ ఉంది. చేపల వేట అనగానే అందరికంటే ముందు తయారైపోయారు. కారు హైవే 40 ఎక్కాక బావమరిది మెల్లిగా అసలు సంగతి బయటపెట్టాడు, పట్టిన చేపని మళ్లీ నీళ్లలో వదిలేయాలని. "వదిలేయడానికా అండీ ఇంత పెట్రోలు పోయించారు?" అని నావైపు ఒక చూపు చూసి, చాలాసేపు కిటికీలోంచి కొండలు లెక్కపెడుతూ కూర్చున్నారు.

ఆయనకి చెప్పిందే మీకూ చెబుతాను. బుల్ ట్రౌట్ 1995 నుంచి ఈ రాష్ట్రం, అంటే అల్బర్టా, అధికారిక చేప. అల్బర్టాలో ఎక్కడ పట్టినా, ఎంత పెద్దది పట్టినా వదిలేయాల్సిందే. ఒకప్పుడు మంచి ట్రౌట్‌లని తినేస్తుందని దీన్ని పనికిమాలిన చేప కింద జమకట్టి, పట్టి గట్టున పడేసేవాళ్లట. దీనికి ఆకలి ఎక్కువ, అనుమానం తక్కువ. గాలానికి చిన్న చేప తగులుకుని గింజుకుంటుంటే దాన్ని కూడా వచ్చి పట్టేస్తుంది. పెరగడం మాత్రం నిదానం, గుడ్లు పెట్టే ఈడు రావడానికే ఏళ్లు పడుతుంది. నీళ్లు చల్లగా, శుభ్రంగా ఉండాలి. తొమ్మిది డిగ్రీల కిందికి దిగితే తప్ప గుడ్లు పెట్టదు. ఇలాంటి చేపని ఖాళీ చేయడం ఎంత తేలికో ఊహించుకోండి. 2019లో కెనడా ప్రభుత్వం ఈ ప్రాంతపు బుల్ ట్రౌట్‌ని ముప్పులో ఉన్న జాతుల జాబితాలో చేర్చింది.

లైసెన్స్ ఆన్‌లైన్‌లోనే తీసుకోవచ్చు. ఇక్కడ ఉండేవాళ్లకి విన్ నంబర్‌తో (లైసెన్స్‌కి కావాల్సిన గుర్తింపు నంబర్) కలిపి మనిషికి నలభై డాలర్ల లోపే అయింది. బయటి దేశం నుంచి వచ్చినవాళ్లకి ఎక్కువ. మావయ్య గారు "నేను గట్టున కూర్చుంటాలెండి" అన్నారు కాబట్టి ఆయనకి తీసుకోలేదు. ఈ మాట గుర్తుంచుకోండి, గైడు దగ్గర పనికొస్తుంది.

బస దగ్గర్లోని క్యాన్‌మోర్ అనే ఊళ్లో. పేరు రాయను గానీ, బుకింగ్ పేజీలో రాత్రికి 219 డాలర్లని పెట్టి, చివరికి క్లీనింగ్ 95, రిసార్ట్ ఫీజు 28, పార్కింగ్ 20 అని వరసగా తగిలించిన చోటు. "ఫుల్ కిచెన్" అంటే రెండు పొయ్యిల స్టవ్, మూత లేని గిన్నె. మావయ్య గారు పొద్దున్నే పోపు పెట్టి పులిహోర కలిపారు. మేం ఖాళీ చేసిన మర్నాడు "ఘాటైన వాసన" పేరుతో కార్డు మీద ఇంకో 150 వేశారు. మా గది కిటికీ తెరుచుకోదని మేం దిగిన రోజే ఫోన్ చేసి చెప్పాం. ఎవరూ రాలేదు. ఆ సంగతి మెయిల్‌లో గుర్తుచేస్తే 150లో 75 వెనక్కి ఇచ్చారు. మిగతా సగం దేనికో అడిగితే జవాబు లేదు. వండుకునే అలవాటున్నవాళ్లు క్యాన్‌మోర్ గదుల జోలికి పోకుండా పార్కులో టెంటు సైటు తీసుకోవడమే మేలు. చలికి ఓర్చుకోవాలి, అంతే.

ఇక గైడు సంగతి. ఫోన్‌లో మనిషి తేనెలా మాట్లాడాడు. ఇద్దరికి 650, పైన జీఎస్టీ, సగం ముందుగా కట్టాలి. పొద్దున ఏడింటికి బయల్దేరి ఎనిమిది గంటలు, భోజనం వాళ్లదే, పెద్ద బుల్ ట్రౌట్‌లు గ్యారంటీ. "ఏ నదిలో?" అని అడిగితే, అది తన సీక్రెట్ అన్నాడు. చేపలు పట్టేవాళ్లు చోటు దాచుకోవడం మామూలేగా అని ఊరుకున్నాం.

ఏడింటికి రావాల్సినవాడు తొమ్మిదీ నలభైకి వచ్చాడు. క్షమించమన్న మాట లేదు. మట్టిరోడ్డు మీద గంటకి పైగా దుమ్ము తిని, కారు దిగి నడిచి, ఒక చిన్న వాగు దగ్గరికి చేరాం. మోకాలి లోతు నీళ్లు, అద్దంలా ఉన్నాయి. వంపులో ఒక మడుగు, అందులో చేతి పొడవు చేపలు జతలు జతలుగా నిలబడి ఉన్నాయి. ఒక ఆడ చేప పక్కకి ఒరిగి తోకతో గులకరాళ్లు చిమ్ముతోంది. గుడ్లు పెట్టడానికి గుంట చేసుకుంటోందన్నమాట. మగవాటి పొట్టలు నారింజ రంగు తిరిగి ఉన్నాయి. చూడ్డానికి ఎంత బాగుందో! గైడు మాత్రం బ్యాగు దించి, బరువైన గాలం కట్టి, వాటి ముందునుంచి లాగమన్నాడు. అవి ఆకలితో కాదు, గూడు కాపాడుకోడానికి కరుస్తాయట. ఆయనగారి గ్యారంటీ రహస్యం అదీ.

బావమరిది ఇలాంటివాటిలో చాదస్తుడు. అక్కడ సిగ్నల్ ఉండదని ముందే అల్బర్టా రూల్స్ పుస్తకం ఫోన్‌లోకి దించుకున్నాడు. చూస్తే ఆ వాగు ఆగస్టు 31తోనే మూత. ఈ కొండ వాగులు చాలావాటికి ఇదే పద్ధతి, జూన్ 16న తెరిచి ఆగస్టు చివర మూసేస్తారు. గైడుకి చూపిస్తే "ఇంత లోపలికి ఎవరూ రారు" అని నవ్వాడు. మేం రాడ్లు ముట్టుకోకపోయేసరికి తన రాడ్ తీసుకెళ్లి మావయ్య గారి చేతిలో పెట్టాడు, ఊరికే ఫోటోకి పట్టుకోమని. లైసెన్స్ లేని పెద్దాయన, మూసేసిన వాగు, చేతిలో గాలం. వన్యప్రాణి అధికారి ఆ క్షణాన వచ్చి ఉంటే జరిమానా రాసేది గైడు పేరు మీద కాదు.

మావయ్య గారికి ఇంగ్లిష్ తక్కువే గానీ మనిషి వాలకం ఇట్టే తెలుస్తుంది. రాడ్ నేల మీద పెట్టేసి, "ఏంటండీ గొడవ?" అని అడిగారు. చెప్పాం. కాసేపు మడుగులోకి చూస్తూ ఉండిపోయారు. బావమరిది ఊరుకోకుండా, "నాన్నా, మన పులస కూడా గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీదుకుంటూ వస్తున్నప్పుడేగా పట్టేది" అన్నాడు. "అందుకేరా ఇప్పుడు గోదాట్లో పులస కళ్లబడట్లేదు," అన్నారాయన విసుగ్గా. "పదండి పోదాం."

తిరుగు దారిలో గైడు ఒక్క మాటా మాట్లాడలేదు. భోజనం అని ఎండిపోయిన హ్యామ్ శాండ్‌విచ్‌లు ఇచ్చాడు. మావయ్య గారు పంది మాంసం తినరని బుకింగ్‌లోనే రాశాం. క్యాన్‌మోర్‌లో దింపి మిగతా 341 డాలర్ల 25 సెంట్లు, దాని మీద 20 శాతం టిప్ కూడా అడిగాడు. పైసా ఇవ్వలేదు. ఆ సాయంత్రమే దొంగవేట మీద ఫిర్యాదులు తీసుకునే రిపోర్ట్ ఎ పోచర్ లైనుకి ఫోన్ చేసి వాగు పేరు, సమయం చెప్పాం. అడ్వాన్స్ కోసం క్రెడిట్ కార్డు కంపెనీలో కంప్లయింట్ పెట్టాం.

రెండోరోజు స్ప్రే లేక్స్ వైపు వెళ్లాం. గాలి తప్ప ఏమీ దొరకలేదు.

ఆ తర్వాత వెళ్లిందే లోయర్ కననాస్కిస్ లేక్. పీటర్ లోహీడ్ ప్రొవిన్షియల్ పార్కులో ఉంటుంది, కాల్గరీ నుంచి రెండు గంటల లోపే. బండికి రోజు పాసు 15 డాలర్లు, ఏడాదిది 90. తరచూ వెళ్లేవాళ్లు ఏడాది పాసే తీసుకోండి. ఇది కరెంటు కోసం ఆనకట్ట కట్టిన జలాశయం, నీటి మట్టం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది కాబట్టి గట్టంతా రాళ్లూ మోడులూ. అందం కోసమైతే ఎగువనున్న అప్పర్ లేక్‌కే ఓటు వేస్తాను. బుల్ ట్రౌట్ కోసమైతే ఇక్కడికే రావాలి. 1992లో ఈ సరస్సులో గుడ్లు పెట్టే వయసున్న బుల్ ట్రౌట్‌లు 60 దాకా మాత్రమే మిగిలాయి. పట్టిన ప్రతి చేపా వదిలేయాలని, పురుగులూ చేపముక్కలూ ఎరగా వాడకూడదని, అవి గుడ్లు పెట్టే స్మిత్-డోరియన్ క్రీక్ అనే వాగులో గాలం వేయకూడదని కట్టడి చేశారు. 2000 నాటికి ఆ 60 కాస్తా 1,600 దాటాయి. పోచర్ లైనుకి ఫోన్ చేయడం దండగ అనుకునేవాళ్లు ఈ అంకె ఒకసారి చూడండి.

సెప్టెంబర్‌లో పెద్ద చేపల్లో చాలావరకు క్రీక్‌లోకి ఎక్కేస్తాయి. సరస్సులో ఉండేవి ఇంకా ఈడు రానివి, ఆ ఏడాదికి గుడ్లు మానేసినవి. అందుకే పెద్ద ఆశ పెట్టుకోకుండా తెల్లవారకముందే చేరాం. గాలి లేచేలోపే పని అవ్వాలి. ఇక్కడ గాలి లేచిందంటే గాలం మీ వీపుకే తగులుకుంటుంది. లోతు ఒక్కసారిగా పడిపోయే అంచు చూసుకుని, వెండిరంగు స్పూన్ (చెంచాలాంటి రేకు ఎర) విసిరి, అడుగు దాకా దిగనిచ్చి, మెల్లిగా ఆపి ఆపి లాగడమే. ఫ్లై, అంటే ఈకలతో కట్టిన ఎర, వేసేవాళ్లయితే మునిగే లైను, చిన్న చేపలా కనిపించే తెల్లటి పెద్ద స్ట్రీమర్ వాడాలి. హుక్కు ముల్లు ప్లయర్‌తో నొక్కేయండి, వదలడం తేలికవుతుంది.

ఎండ కొండ మీద పడుతుండగా బావమరిది రాడ్ వంగింది. రాయి పట్టుకుందనుకున్నాడు, రాయి కదిలింది. ఇది గాల్లోకి ఎగిరే చేప కాదు, అడుక్కి పోయి మొండిగా తల విదిలిస్తుంది. గట్టుకి వచ్చాక చూస్తే యాభై సెంటీమీటర్లకి అటూ ఇటూ ఉంది. ముదురు ఆకుపచ్చ ఒళ్లు, దాని మీద లేత పసుపు చుక్కలు, కింది రెక్కల అంచున తెల్లటి గీత. అన్నిటికన్నా ముందు చూడాల్సింది వీపు మీది రెక్క. దాని మీద ఒక్క నల్ల మచ్చ కూడా లేదంటే బుల్ ట్రౌట్. నల్ల మచ్చలుంటే బ్రూక్ ట్రౌట్ కావచ్చు, ఇంకోటి కావచ్చు. తేడా తెలియకపోతే వదిలేయడమే దారి. చేతులు తడుపుకుని, చేపని నీళ్లలోంచి పైకెత్తకుండానే హుక్కు తీశాడు. మావయ్య గారు ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి ఆ మంచునీళ్లలోకి దిగిపోయారు. "ఎన్ని కేజీలుంటుంది? ఒకటిన్నర?" అని రెండుసార్లు అడిగారు. వదిలాక అది వెళ్లిన వైపే చూస్తూ, "పోన్లెండి, దుక్కలా ఉంది," అన్నారు. కారులో వేడి పెట్టాక కూడా ఆయన పాదాలు గంటసేపు ఎర్రగానే ఉన్నాయి. పిక్నిక్ బల్లల దగ్గర లైసెన్సులు చూడ్డానికి వచ్చిన అధికారి కూడా మర్యాదగా మాట్లాడి, గైడు సంగతి మళ్లీ మొదటినుంచీ చెప్పించుకుని నోట్ చేసుకుంది.

చేప కూర లేకుండా మావయ్య గారిని వెనక్కి తీసుకెళ్తే ఇంట్లో మాకు మాటలు తప్పవు. కాల్గరీ నుంచి ఐస్‌పెట్టెలో స్టీల్‌హెడ్ అనే చేప ముక్కలు తెచ్చుకున్నాం, కేజీకి కాస్త పైన, 23 డాలర్లు. పిక్నిక్ బల్ల మీద క్యాంపు స్టవ్, చింతపండు, బెండకాయలు, ఇంట్లోంచి తెచ్చిన ఆవ నూనె. పులుసు ఉడుకుతుంటే పక్క బల్ల వాళ్లు వచ్చి అదేమిటని అడిగి, కాసింత అన్నంలో వేసుకుని తిని, మళ్లీ గిన్నె చాపారు. క్యాన్‌మోర్ గదిలో 150 డాలర్ల జరిమానా పడిన ఘాటు ఇలాంటిదే! గ్రిజ్లీ ఎలుగుబంట్లు తిరిగే చోటు కాబట్టి తిన్న వెంటనే గిన్నెలు కడిగి, ముళ్లతో సహా ప్రతిదీ సంచిలో కట్టి ఎలుగుబంటి తెరవలేని చెత్తడబ్బాలో వేయాలి. మంట దగ్గర కూర్చున్నా బేర్ స్ప్రే చేతికందేలా ఉంచుకోండి, బ్యాగు అడుగున కాదు.

వెళ్లాలనుకునేవాళ్లు జూన్ చివర్లోనో జూలైలోనో వెళ్లండి. సెప్టెంబర్ చివరి వారాల్లో లార్చ్ చెట్లు పసుపు తిరిగే సీజన్. వాటిని చూడ్డానికి జనం వచ్చే హైవుడ్ పాస్ కనుమ దగ్గర పార్కింగ్ తెల్లారేసరికే నిండిపోతుంది, ఆ ట్రాఫిక్‌లో సరస్సుకి చేరేసరికి గాలి లేచేస్తుంది. పెట్రోలు కాల్గరీలోనే పోయించుకోండి, రూల్స్ పుస్తకం ఫోన్‌లోకి దించుకోండి. గైడు కావాలనే అనుకుంటే, ఏ నీళ్లకి తీసుకెళ్తారో ముందుగా మెయిల్‌లో రాయించుకుని, ఆ పేరు మీరే రూల్స్‌లో చూసుకోండి. పేరు చెప్పనంటే ఫోన్ పెట్టేయండి. మా 341 డాలర్ల 25 సెంట్ల కంప్లయింట్ ఇంకా తేలలేదు. మొన్న గైడు నుంచి ఒక మెయిల్ వచ్చింది, రివ్యూ పెట్టకపోతే వంద వెనక్కి ఇస్తాడట.