శ్రీలంక: ప్యాకేజీ లిస్టులో ఏవి ఉంచుకోవచ్చు, ఏవి కొట్టేయొచ్చు

శ్రీలంక ప్యాకేజీలన్నీ ఇంచుమించు ఒకే అచ్చు. కొలంబోలో దిగడం, పిన్నవల ఏనుగులు, క్యాండీ, నువరా ఎలియా, చివర్లో బెంతోట బీచ్. మేం అందులోంచి పిన్నవల, నువరా ఎలియా, బెంతోట కొట్టేసి అనురాధపురం, ట్రింకోమలి కలుపుకున్నాం. మాతో వచ్చిన అమ్మకీ, పిన్నికీ ట్రింకోమలిలోని శాంకరీదేవి దర్శనం కావాలి. అష్టాదశ శక్తిపీఠాల్లో మొదటిది ఆవిడే. అలంపురం, శ్రీశైలం, పిఠాపురం, ద్రాక్షారామం వాళ్ళకి ఎప్పుడో అయిపోయాయి. నాకేమో గుళ్ళకన్నా కొండ రైలు మీద ధ్యాస. అందరి కోరికా తీరాలంటే సొంతంగా ప్లాన్ చేసుకోవడం తప్ప దారి లేదు, పైగా అదేమంత కష్టం కూడా కాదు.

ముందు కాలం సంగతి. ఈ దేశం చిన్నదే అయినా వానలు రెండు విడతలుగా, రెండు వైపులా పడతాయి. కొలంబో, గాలే, మిరిస్సా వైపు వెళ్ళాలంటే డిసెంబర్ నుంచి మార్చి వరకు బాగుంటుంది. ట్రింకోమలి వైపు మే నుంచి సెప్టెంబర్ దాకా. సంక్రాంతి సెలవుల్లో ట్రింకోమలి బీచ్, వేసవి సెలవుల్లో మిరిస్సా తిమింగలాలు అని ఎవరైనా ప్లాన్ ఇస్తే వాళ్ళు ఆ దేశం చూడలేదనుకోండి. మేం ఆగస్టులో వెళ్ళాం. ఆ రోజుల్లోనే క్యాండీలో ఎసల పెరహెర అనే ఊరేగింపుల ఉత్సవం జరుగుతుంది. అది చూడాలనే వెళ్తే సరే, లేకపోతే ఆ తేదీలు తప్పించండి. గదుల రేట్లు ఆకాశంలో ఉంటాయి.

వీసాకి ఈటీఏ, అంటే ముందస్తు ప్రయాణ అనుమతి, ఆన్‌లైన్‌లో పెట్టుకోవాలి. ఫీజు నిబంధనలు ఈ మధ్య తరచూ మారుతున్నాయి కాబట్టి బయల్దేరే వారం ముందు ప్రభుత్వ సైట్‌లోనే చూసుకోండి. అదే పేరుతో అచ్చం అలాగే కనిపించే ప్రైవేటు సైట్లు రెట్టింపు లాగుతాయి. మన రూపాయికి అక్కడివి దాదాపు మూడున్నర వస్తాయి. డాలర్లు తీసుకెళ్ళి విమానాశ్రయంలోనే కొంత మార్చుకున్నాం, సిమ్ కూడా అక్కడే. 2024 ఫిబ్రవరి నుంచి అక్కడ యూపీఐ పనిచేస్తోంది గానీ దాన్ని నమ్ముకుని చేతిలో డబ్బు లేకుండా తిరగలేం. ఆటోవాడికీ, కొబ్బరి బొండాల బండికీ నోట్లే ఇవ్వాలి. ఇంకోటి, చాలా గదుల్లో చదరపు పిన్నులు మూడుండే బ్రిటిష్ ప్లగ్గులే. అడాప్టర్ ఇంటి దగ్గరే కొనుక్కోండి. గడియారం మాత్రం తిప్పక్కర్లేదు, టైమ్ మనదే.

తిరగడానికి మేం డ్రైవర్‌తో కారు మాట్లాడుకున్నాం. రోజుకి 50 నుంచి 70 డాలర్ల దాకా చెబుతారు, పెట్రోలుతో కలిపి. పెద్దవాళ్ళు ఉంటే ఈ ఖర్చు దండగ కాదు. డ్రైవర్ మంచివాడే, కానీ దంబుల్ల నుంచి క్యాండీ వచ్చే దారిలో మాతలే దగ్గర ఒక మసాలా తోట ముందు బండి ఆపాడు. తోట తిప్పి చూపించినందుకు డబ్బులక్కర్లేదన్నారు. తీరా చివర్లో మోకాళ్ళ నొప్పుల నూనె సీసా తెచ్చి పిన్ని చేతిలో పెట్టి, మన లెక్కలో నాలుగు వేలకి పైగా చెప్పారు. అందులో డ్రైవర్‌కి కమిషన్ ఉంటుంది. రత్నాల దుకాణాలదీ అదే కథ. బయల్దేరిన రోజే "షాపింగ్ ఏమీ వద్దు బాబూ" అని చెప్పేస్తే గొడవ లేదు. కొలంబో, క్యాండీ లాంటి ఊళ్ళలో మాత్రం పిక్‌మీ యాప్‌లో ఆటో పిలుచుకోవడమే చౌక.

ఇక చోట్లు. సిగిరియ టికెట్ ఖరీదే, కానీ వదలొద్దు. అయిదో శతాబ్దంలో కశ్యపుడనే రాజు రెండు వందల మీటర్ల బండరాయి నెత్తిన కోట కట్టుకున్నాడు. దాదాపు 1200 మెట్లు. మధ్యలో ఇనుప మెట్ల మీదుగా వెళ్తే కొండ గోడ మీద బొమ్మలు కనిపిస్తాయి, అక్కడ ఫోటోలు తీయనివ్వరు. సార్క్ దేశాల వాళ్ళకి, అంటే మనకి కూడా, టికెట్ మిగతా విదేశీయుల కన్నా బాగా తక్కువ, కానీ పాస్‌పోర్టు చూపించాలి. కాగితం నకలు పనికిరాదన్న మాట అక్కడే విన్నాం, మా ముందు నిలబడ్డ గుజరాతీ కుటుంబం పూర్తి రేటు కట్టింది. అమ్మా పిన్నీ కొండ మధ్యలో ఉన్న పెద్ద సింహం పాదాల శిల్పం దాకా వచ్చి ఆగారు. అక్కడి దాకా వచ్చినా సగం చూసినట్టే. ఎండెక్కకముందే ఎక్కడం మొదలుపెట్టాలి.

పాత బౌద్ధ రాజధాని అనురాధపురానికి మనవాళ్ళు పెద్దగా వెళ్ళరు. నాకైతే ఈ యాత్రలో అన్నిటికన్నా నచ్చింది అదే. రువన్వెలిసాయ తెల్లటి స్తూపం చుట్టూ సాయంత్రం తామరపూలతో జనం తిరుగుతుంటారు. జేతవన స్తూపం ఒకప్పుడు 122 మీటర్ల ఎత్తుండేదట, ఇప్పటికీ కింద నిలబడి చూస్తే మెడ పట్టేస్తుంది. మన నాగార్జునకొండ శాసనంలో సింహళ విహారం ప్రస్తావన ఉంది. ఆ రోజుల్లో లంక భిక్షువులకి కృష్ణ ఒడ్డున బస ఉండేదంటే ఈ ఊరు ఎందుకంత పరిచయంగా అనిపిస్తుందో అర్థమవుతుంది. ఒక జాగ్రత్త: చెప్పులు, టోపీ బయటే వదలాలి. మధ్యాహ్నం ఆ రాతి నేల మీద అడుగు వేయలేం. సాక్సులు వేసుకోవచ్చు, అవే మమ్మల్ని కాపాడాయి. భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలుండాలి. బుద్ధుడి విగ్రహానికి వీపు చూపించి సెల్ఫీ దిగితే అక్కడ చాలా పెద్ద తప్పు.

ఏనుగులకి పిన్నవల కన్నా మిన్నేరియ నేషనల్ పార్కు మేలు. ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో చెరువు నీళ్ళు తగ్గి ఒడ్డున గడ్డి తేలుతుంది. ఆ గడ్డి కోసం మందలు మందలుగా వస్తాయి. జీపు అద్దె, మనిషికి టికెట్, దాని మీద పన్నులు కలిపితే మొత్తం ఎంతో ముందే అడగండి, జీపువాడు చెప్పేది తన అద్దె ఒక్కటే. గొలుసులు లేని ఏనుగుని చూడ్డానికి ఆ డబ్బు పెట్టొచ్చు.

ట్రింకోమలిలో శాంకరీదేవి ఉండే కోణేశ్వరం గుడి సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండ కొమ్మున ఉంది. పాత గుడిని పోర్చుగీసు వాళ్ళు 17వ శతాబ్దంలో కూల్చి ఆ రాళ్ళతో కోట కట్టుకున్నారు. ఆ కోటలోంచే గుడికి దారి, దారి పొడవునా జింకలు తిరుగుతుంటాయి. పొద్దున్నే వెళ్తే రద్దీ ఉండదు. అయ్యవారితో తమిళంలో నాలుగు ముక్కలు మాట్లాడాక మా అమ్మ అరగంట కదల్లేదు. కన్నియ వేడినీటి బావుల దగ్గర మాత్రం బకెట్లతో జనం తోపులాటే, టైమ్ లేకపోతే వదిలేయండి. బస ఊళ్ళో కాకుండా ఉత్తరాన నిలావెలిలో చూసుకోండి. ఆగస్టులో అక్కడ సముద్రం చెరువులా ఉంటుంది, పిల్లలతో దిగినా భయం లేదు.

తిండి గురించి శాకాహారులు తెలుసుకోవాల్సింది ఒకటుంది. అనురాధపురంలో ఒక ఇంట్లోనే గదులిచ్చే చోట దిగాం. పొద్దున ఇడియాప్పం, పప్పు, ఎర్రటి కొబ్బరి పచ్చడి పెట్టారు. మన కొబ్బరికారంలా ఉందని పిన్ని చెయ్యి చాచింది. అందులో గోధుమరంగు తునకలు చూసి అడిగితే ఉంబలకడ అన్నారు, అంటే ఎండబెట్టిన మాల్దీవుల చేప. ఇంటావిడ ఏమీ అనుకోకుండా అప్పటికప్పుడు కొబ్బరి కోరి, ఎండుమిర్చి, చిన్న ఉల్లిపాయలు, ఉప్పు రాతి మీద నూరి, నిమ్మకాయ పిండి మళ్ళీ తెచ్చింది. ఆ రోజు నుంచి ఎక్కడికెళ్ళినా ముందు "ఉంబలకడ వద్దు" అనడం నేర్చుకున్నాం. పప్పులో, ఆకుకూరలో కూడా వేస్తారు. తమిళుల శైవ (శాకాహార) హోటళ్ళలో ఈ టెన్షన్ లేదు. చిన్న బేకరీల్లో అడక్కుండానే పళ్ళెం నిండా రోల్స్, వడలు తెచ్చి ముందు పెడతారు. కంగారు పడకండి, తిన్నవాటికే లెక్క కడతారు. పెద్ద రెస్టారెంట్లలో మెనూ రేటు చూసి మోసపోవద్దు, దాని మీద 10 శాతం సర్వీసు చార్జి, 18 శాతం వ్యాట్ పడతాయి. పోయ, అంటే పౌర్ణమి రోజు, దేశమంతా సెలవు. మందు అమ్మరు.

రైలు మాట. క్యాండీ నుంచి ఎల్ల అనే కొండ ఊరికి ఆరేడు గంటలు. రిజర్వుడు సీట్లు ముందుగానే అయిపోతాయి. తేయాకు తోటలు, మబ్బులు అన్నీ కిటికీలోంచే కనిపిస్తాయి కాబట్టి నువరా ఎలియాలో దిగక్కర్లేదన్నది నా లెక్క. ఊటీ చూసినవాళ్ళకి అక్కడ కొత్తగా కనిపించేది తక్కువ. ఎల్ల ఊరు కూడా కాఫీ షాపులమయం. అయితే 1921లో కట్టిన తొమ్మిది కమానుల వంతెన దగ్గరికి తెల్లవారేసరికి వెళ్తే బాగుంటుంది. మేం తిరిగొచ్చాక, 2025 నవంబర్ చివర్లో, దిత్వా తుఫానుకి కొండచరియలు విరిగిపడి ఈ రైలుమార్గం బాగా దెబ్బతింది. గది బుక్ చేసేముందు రైలు ఎంతవరకు నడుస్తోందో కనుక్కోండి.

ఆపద వస్తే అంబులెన్సుకి 1990, పోలీసులకి 119. ఆ 1990 సేవ 2016లో మన దేశం ఇచ్చిన నిధులతో, మన 108 పద్ధతిలోనే మొదలైంది. అంబులెన్సుకి డబ్బు అడగరు.

తిరుగు విమానం తెల్లవారుజామున ఉంటే ఆఖరి రాత్రి కొలంబోలో కాకుండా నెగొంబోలో ఉండండి. విమానాశ్రయం పక్కనే, గదులూ చౌక. టీపొడి కూడా విమానాశ్రయంలో కొనకండి. నెగొంబో సూపర్‌మార్కెట్లో మంచి సిలోన్ టీ చాలా తక్కువకి దొరుకుతుంది. మిగిలిన లంక రూపాయలు అక్కడే ఖర్చైపోతాయి.