పాత ఔట్‌బోర్డ్ ఇంజనుకు అల్యూమినియం ఆనోడ్ కిట్: వాడి చూశాక

ఉప్పునీళ్ళలో తిరిగే పాత ఔట్‌బోర్డ్ ఇంజను (పడవ వెనక తగిలించేది) ఉన్నవాళ్ళు ఈ కిట్ ధైర్యంగా కొనుక్కోవచ్చు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. కింద రాసిన లోపాలు చూసి ఎవరూ వెనక్కి తగ్గకూడదని. ఆనోడ్ అంటే ఇంజను తుప్పుపట్టకుండా దాని బదులు తాను కరిగిపోయే లోహపు ముక్క.

నాది 40 హార్స్‌పవర్ టూ స్ట్రోక్ ఇంజను. నా చేతికి వచ్చేటప్పటికే దానికి వయసు మీదపడింది. నీళ్ళలో మునిగే కింది భాగం, అంటే గేర్‌కేసు మీద రంగు బుడగల్లా ఉబ్బి ఉండేది. గోటితో గీకితే పెచ్చు లేచి, అడుగు నుంచి తెల్లటి పొడి రాలేది. ఆ పొడిని చాలామంది ఎండిన ఉప్పు అనుకుని నీళ్ళు కొట్టి వదిలేస్తారు. ఉప్పయితే కరిగిపోవాలి కదా, ఇది కరగదు. అది తుప్పుపట్టిన అల్యూమినియం. బుడగ కనిపించిన చోట లోహం అప్పటికే గుంటపడి ఉంటుంది.

కిట్‌లో ఏముంటాయంటే, ఫ్యాను (ప్రొపెల్లర్) పైన గేర్‌కేసుకి బిగించే చిన్న రెక్కలాంటి ట్రిమ్ ట్యాబ్, ఇంజనుని పడవకి పట్టి ఉంచే బ్రాకెట్ అడుగున పెట్టే పొడుగాటి పట్టీ, సిలిండర్ బ్లాకు లోపల నీళ్ళు తిరిగే దారిలో కూర్చునే చిన్న ముక్కలు, వాటికి రబ్బరు సీళ్ళు, బోల్టులు. అన్నీ జింకు కాదు, అల్యూమినియం. కొద్దిగా జింకు, చిటికెడు ఇండియం అనే లోహం కలిపి పోసినవి. మామూలు అల్యూమినియం ముక్కని బిగిస్తే పనిచేయదు, దాని మీద ఆక్సైడ్ పొర కట్టేసి మొద్దుబారిపోతుంది. ఆ పొరని నిలవనీయకుండా చేసేది ఇండియమే.

జింకు వదిలి దీనికి ఎందుకు మారానో చెప్పాలి. సముద్రపు నీటిలో గేర్‌కేసు అల్యూమినియం సుమారు మైనస్ 0.75 వోల్టుల దగ్గర ఉంటుంది. జింకు ఆనోడ్ మైనస్ 1.03, ఈ అల్యూమినియం ఆనోడ్ మైనస్ 1.10. తేడా ఎంత ఎక్కువైతే ఆనోడ్ అంత ముందుగా తాను కరిగి ఇంజనుని కాస్తుంది. పైగా కిలో జింకు ఇచ్చే కరెంటు దాదాపు 780 ఆంపియర్ అవర్లయితే, కిలో అల్యూమినియం 2,500కి పైనే ఇస్తుంది. బరువూ తక్కువే. నదీ ముఖద్వారాల్లో, నీళ్ళు సగం ఉప్పు సగం తీపిగా ఉండే చోట జింకు మీద గట్టి పొర పట్టి అది నిద్రపోతుంది, ఇది మాత్రం పనిచేస్తూనే ఉంటుంది. జింకు ఆనోడ్లలో కాడ్మియం కలుపుతారు, అది కరిగి నీళ్ళలోకే పోతుంది. చేపలు పెరిగే నీళ్ళ గురించి పట్టింపు ఉన్నవాడిగా నాకు ఆ ఒక్క కారణమే చాలు.

బిగింపు దగ్గరే అసలు కథ ఉంది. పాత ట్రిమ్ ట్యాబ్ ఊడదీసే ముందు అది ఏ కోణంలో ఉందో పెన్సిల్‌తో గీత గీసుకోండి. ఆ కోణం మారితే స్టీరింగ్ ఒక పక్కకి లాగుతుంది. దాన్ని పట్టి ఉంచే బోల్టు స్టెయిన్‌లెస్ స్టీలు, అది దిగే రంధ్రం అల్యూమినియం. రెండింటి మధ్యా ఏళ్ళ తరబడి ఉప్పునీరు చేరితే అల్యూమినియం తెల్లగా ఉబ్బి, బోల్టు మరల సందుల్లో సిమెంటులా గట్టిపడుతుంది. పానా వేసి బలంగా తిప్పితే బోల్టు తల తెగి చేతికొస్తుంది. నేను ముందురోజే తుప్పు వదిలించే నూనె పోసి ఉంచాను. మర్నాడు హీట్ గన్‌తో బోల్టు చుట్టూ ఉన్న అల్యూమినియాన్ని వేడిచేశాను. స్టీలు కంటే అల్యూమినియం ఎక్కువగా వ్యాకోచిస్తుంది, పట్టు సడలుతుంది. మొదట కొంచెం బిగించే వైపు తిప్పాను. చిన్నగా టిక్కుమన్నాక వదులు చేసే వైపు పావు చుట్టు, మళ్ళీ వెనక్కి, మళ్ళీ నూనె. బోల్టు మరల వెంట బూడిదరంగు పేస్టులాంటిది బయటికి రావడం మొదలైందంటే అది దక్కినట్టే.

కొత్త బోల్టు మరలకి టెఫ్లాన్ పేస్టు రాశాను, రెండు లోహాలూ నేరుగా ఒరుసుకోకుండా. మరలకి మాత్రమే. ఆనోడ్ ఆనే చోట పేస్టు, గ్రీజు, రంగు ఏవీ ఉండకూడదు. ఆ చోటుని ఎమరీ పేపర్‌తో మెరిసేదాకా రుద్దాలి. కిట్ మీద నా మొదటి ఫిర్యాదు ఇక్కడే. పట్టీ వెనకవైపు పోతపోసినప్పటి గరుకు అలాగే వదిలేశారు, చదునుగా కూర్చోలేదు. ఆకురాయితో నేనే సాపు చేసుకున్నాను. బిగించాక మల్టీమీటరు ఒక కొస ఆనోడ్ మీద, ఇంకో కొస ఇంజను బ్లాకు మీద రంగులేని చోట పెట్టి చూడండి. రీడింగ్ సున్నాకి దగ్గరగా, ఒక ఓమ్ లోపు రావాలి. రాకపోతే మీరు బిగించినది ఆనోడ్ కాదు, ఒట్టి బరువు. బ్రాకెట్‌కీ బ్లాకుకీ మధ్య ఉండే సన్నటి ఎర్తు వైరు పాత ఇంజన్లలో తెగిపోయి ఉంటుంది, దాన్నీ చూసుకోవాలి.

రెండో ఫిర్యాదు రబ్బరు సీళ్ళు. బ్లాకు లోపలి ముక్కలకి ఇచ్చినవి మరీ బిరుసు, మూత దగ్గర నీరు చెమర్చింది. ఇంజను కంపెనీ సీళ్ళే వేసుకోవాల్సి వచ్చింది. ఆనోడ్ మీద రంగు వేయకూడదన్న ముఖ్యమైన హెచ్చరిక కిట్‌లో ఎక్కడా లేదు.

ఫలితం సంగతి. ట్రిమ్ ట్యాబ్ ఇప్పుడు గుంటలు గుంటలుగా, గరుకుగా అరుగుతోంది. అరగాలి కూడా. ఆనోడ్ కొత్తదానిలా నున్నగా ఉంటే ఎక్కడో సంబంధం తెగిందని అర్థం. గేర్‌కేసు మీద పాత గుంటల్ని గీకి, ప్రైమర్ వేసి రంగు వేశాను. వాటి అంచుల్లో మళ్ళీ బుడగ లేవలేదు.

1824లో హంఫ్రీ డేవీ ఓడల అడుగున ఉండే రాగి రేకులకి ఇనుము, జింకు ముక్కలు తగిలించి ఇదే పద్ధతి చూపించాడు. రాగి కరగడం ఆగింది, కరగని రాగి మీద గుల్లలు పట్టి ఓడలు మందగించాయి. గుల్లల్ని ఆపేది కరిగే రాగే. అందుకే పడవ అడుగుకి వేసే రంగుల్లో ఈనాటికీ రాగి కలుపుతారు. ఆ రంగుని గేర్‌కేసుకి పూశారంటే అల్యూమినియాన్ని రాగికి అప్పగించినట్టే, దాన్ని కాపాడటం ఇక ఏ ఆనోడ్ వల్లా కాదు.

ఈ కిట్ నుంచి ఆశించకూడనిది ఒకటుంది. ఆనోడ్ నీళ్ళలో మునిగి ఉన్నంతసేపే, తనతోపాటు మునిగిన లోహాన్నే కాస్తుంది. ఇంజను ఎత్తి కట్టేశాక గాల్లో ఉన్న ముక్కకి పని లేదు. టాప్ కవరు కింద వైర్ల కొసలు, స్టార్టర్ మోటారు, టిల్ట్ షాఫ్టు తుప్పుపట్టాయని ఆనోడ్‌ని తిట్టేవాళ్ళని చూశాను, అది అన్యాయం. వాటికి లానొలిన్ (గొర్రె ఉన్ని నుంచి తీసే జిడ్డు) స్ప్రే మంచిది, రబ్బరు గొట్టాలకి తగలకుండా కొట్టుకోవాలి. లోపలి నీటిదారులకి మంచినీళ్ళ కడుగుడు తప్పదు. నీళ్ళు పీల్చుకునే చోట మఫ్‌లు (నీళ్ళ గొట్టం తగిలించే రబ్బరు కప్పులు) పెట్టి, న్యూట్రల్‌లో, తక్కువ స్పీడులో 10 నుంచి 15 నిమిషాలు నడపాలి. ఇంజను వేడెక్కి థర్మోస్టాట్ తెరుచుకుంటేనే మంచినీళ్ళు బ్లాకు అంతా తిరుగుతాయి. తర్వాత ఇంజనుని నిలువుగా ఉంచితే లోపలి నీరంతా కారిపోతుంది.

పాత జింకు ముక్కలు ఒకటి రెండు ఉండనిచ్చి ఇవి కలపకండి, కొత్తవి ఆ జింకుని కూడా మోస్తూ తొందరగా అరిగిపోతాయి. పూర్తిగా తీపినీళ్ళలో తిరిగే పడవకయితే మెగ్నీషియం ఆనోడ్లు చూసుకోండి, వాటిని మాత్రం ఉప్పునీళ్ళలోకి తేవద్దు. ఏ ఆనోడ్ అయినా సగం అరగ్గానే మార్చేయాలి.

5కి 4 ఇస్తున్నాను. ఆ ఒక్క మార్కూ సీళ్ళకీ, చదును లేని పట్టీకీ తగ్గించాను. మళ్ళీ మార్చే సమయానికి ఇదే కిట్ తెప్పిస్తాను, సీళ్ళు మాత్రం ముందే విడిగా కొని పెట్టుకుంటాను.