అమ్మ గడియారం దుబాయ్ పోయివచ్చింది

మొన్న జనవరిలో అమ్మను తీసుకుని దుబాయ్‌లో ఉన్న తమ్ముడి దగ్గరికి పోయివచ్చాను. మా ధర్మాబాద్ మహారాష్ట్రలో ఉన్నా, గల్ఫ్ ప్రయాణమంటే మాకు శంషాబాదే దిక్కు. నాందేడ్‌లోనూ విమానాశ్రయం ఉంది కానీ అక్కడి నుంచి దుబాయ్‌కి నేరుగా విమానం లేదు.

శంషాబాద్ నుంచి దుబాయ్‌కి ఆకాశమార్గాన సుమారు 2,550 కిలోమీటర్లు. టికెట్టు మీద ఎక్కేది ఉదయం 10:15, దిగేది మధ్యాహ్నం 12:40. "రెండున్నర గంటలేనా, మన ఊరి నుంచి సికింద్రాబాద్ ఇంకా దూరమున్నట్టుందే" అని అమ్మ సంబరపడ్డది. అక్కడి టైము మనకన్నా గంటన్నర వెనక ఉంటుంది కాబట్టి అసలు పట్టేది 3 గంటల 55 నిమిషాలు. తిరుగు ప్రయాణంలో రాత్రి 9:50కి ఎక్కి తెల్లారి 2:50కి దిగాం. చూస్తే ఐదు గంటలు, పట్టింది మూడున్నరే.

పోయేటప్పుడు పాతిక నిమిషాలు ఎక్కువ పట్టడం భూమి తిరగడం వల్లే అని మా గల్లీలో చాలామంది అంటారు. అది కాదు, భూమితో పాటే గాలీ తిరుగుతుంది. చలికాలంలో అంత ఎత్తున పడమటి గాలి జోరుగా వీస్తుంది. పోయేటప్పుడు విమానానికి ఎదురు, వచ్చేటప్పుడు వెనక నుంచి తోపు.

కష్టమంతా నేల మీదే. సికింద్రాబాద్ దాకా దాదాపు 200 కిలోమీటర్లు రైలు, ఆ రాత్రికి స్టేషన్ దగ్గర ఒక లాడ్జి. ఏడు గంటల నిద్రకు ఒక రోజు కిరాయి తీసుకున్నారు, వేడినీళ్లు అడిగితే పొద్దున ఆరు తర్వాతే అన్నారు. మేము ఐదింటికే బయల్దేరాలి. మళ్లీ పోతే శంషాబాద్ ఊళ్లోనే గది తీసుకుంటాను, ముసలివాళ్లు వెంట ఉంటే మరీ. విమానాశ్రయానికి పోయే పుష్పక్ బస్సు మాత్రం హాయిగా ఉంది, సామాను పెట్టుకోవడానికి చోటుంది, టాక్సీ ఖర్చూ తప్పింది. ఇంటి గడప దాటిన దగ్గర నుంచి తమ్ముడి గది చేరేదాకా లెక్కేస్తే ఇరవై ఐదు గంటలు. అందుకే టికెట్టు వెయ్యి తక్కువకు దొరికిందని నడిరాత్రి విమానం కొనకండి, ముందు మన రైలు టైము చూసుకోండి.

సామాను సంగతి. మా ఊరి మిర్చి పొడి లేకుండా అమ్మ కదలదు. దాన్ని, ఆవకాయను చేతిసంచిలో రానివ్వరు, గట్టిగా కట్టి పెద్ద పెట్టెలో వేశాను. మసాలా మూటలో గసగసాలు కనిపిస్తే తీసి పక్కన పెట్టాను. యూఏఈలో అవి నిషేధం, పట్టుబడితే కేసు. ఇది మాత్రం ఎవరూ తేలిగ్గా తీసుకోవద్దు.

దుబాయ్‌లో దిగాక తమ్ముడు అమ్మ చేతి గడియారం ముల్లు తిప్పబోతే చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఉండనీ బిడ్డా, ఇంటికాడ బర్రెకు నీళ్లు పెట్టే యాళ్ల ఎరుకైతది." అక్కడున్న పన్నెండు రోజులూ అది మన టైమే చూపించింది. వాడు డ్యూటీ నుంచి వచ్చేసరికి అన్నం వేడిగా ఉండాలని గంటన్నర తీసేసి లెక్కపెట్టుకునేది, ఒక్కరోజూ తప్పలేదు.