బిడ్డను బెంగళూరుకు రప్పించాలా, డాక్టర్లను అక్కడికి పంపాలా: ఏది మేలు?

బెంగళూరు తెలుగు సంఘాల్లో, రోటరీ క్లబ్బుల్లో, ఐటీ కంపెనీల సేవా బృందాల్లో కొంతకాలంగా ఒకటే ప్రశ్న. ఆఫ్రికాలోనో పసిఫిక్ దీవుల్లోనో పుట్టుకతో గుండెజబ్బు ఉన్న పిల్లలకు ఆపరేషన్ చేయించాలని పదో పదిహేనో లక్షలు పోగేశాం. బిడ్డను ఇక్కడికి రప్పించాలా, ఇక్కడి నుంచి బృందాన్ని పంపాలా, అక్కడి సిబ్బందికి శిక్షణ ఇప్పించాలా?

మన పిల్లలుండగా వాళ్లెందుకు అని అడిగేవాళ్లూ ఉంటారు. మన దగ్గర 2007 నుంచి ఆరోగ్యశ్రీ ఉంది, ఊరి బడికొచ్చి పిల్లల్ని పరీక్షించే ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) బృందాలున్నాయి. పిల్లల గుండెకు ఆపరేషన్ చేసే ఆసుపత్రి ఒక్కటీ లేని దేశాలు ఇంకా ఉన్నాయి. ఆ చర్చ ఇంతటితో చాలు.

మూడు దారులూ కొత్తవి కావు. రోటరీ వాళ్ల 'గిఫ్ట్ ఆఫ్ లైఫ్' 1975లో ఉగాండా నుంచి ఒక పాపను అమెరికా తీసుకెళ్లి ఆపరేషన్ చేయించడంతో మొదలైంది. 2003లో పాకిస్తాన్ నుంచి బస్సులో మన దేశానికొచ్చిన రెండున్నరేళ్ల పాపకు బెంగళూరులోనే ఆపరేషన్ జరిగింది. బృందాలను దేశదేశాలకు పంపే పద్ధతిని అమెరికాలో డాక్టర్ విలియం నోవిక్, బ్రిటన్‌లో సర్ మగ్దీ యాకూబ్ పెట్టిన చెయిన్ ఆఫ్ హోప్ నడిపిస్తూ వచ్చారు. అక్కడే వైద్యం జరిగేలా చూడటం మూడో దారి; చిన్న సంఘానికి అది సిబ్బంది శిక్షణ, పెద్ద సంస్థకు ఏకంగా ఆసుపత్రి కట్టేయడం: సూడాన్ రాజధాని ఖార్టూమ్‌లో ఇటలీ సంస్థ ఎమర్జెన్సీ 2007లో తెరిచిన సలామ్ సెంటర్, ఫిజీ రాజధాని సువాలో 2022లో ప్రారంభమైన సత్యసాయి సంజీవని పిల్లల ఆసుపత్రి అలాంటివే.

వీటిని పోల్చేటప్పుడు అందరూ ముందు ఖర్చు చూస్తారు, తర్వాత సర్జన్ పేరు చూస్తారు. నా లెక్కలో ఈ రెండూ తర్వాతి మాట. ఆపరేషన్ అయిన ఆర్నెల్లకు ఆ బిడ్డ ఛాతీ మీద స్టెత్ పెట్టేదెవరు? దీనికి జవాబు ఉంటే మిగతావన్నీ సర్దుకుంటాయి. లేకపోతే ఎంత గొప్ప సర్జన్ చేసినా పని సగంలో ఆగినట్టే.

బిడ్డను ఇక్కడికి రప్పించడం

ఒక్క ఆపరేషన్‌తో దాదాపు తీరిపోయే లోపాలకు ఇది బాగా నప్పుతుంది: పీడీఏ (పుట్టాక మూసుకోవాల్సిన రక్తనాళం తెరిచే ఉండిపోవడం), ఏఎస్‌డీ (గుండె పై గదుల మధ్య రంధ్రం), వీఎస్‌డీ (కింది గదుల మధ్య రంధ్రం), ఊపిరితిత్తుల ధమనులు సరిపడా ఎదిగిన టెట్రాలజీ (నాలుగు లోపాలు కలిసి ఒళ్లు నీలంగా మారే జబ్బు). పీడీఏ, ఏఎస్‌డీల్లో చాలావాటిని ఛాతీ తెరవకుండా, క్యాథ్‌ల్యాబ్‌లోనే నాళంలోంచి సన్నని గొట్టం పంపి డివైజ్‌తో మూసేస్తారు. రెండు మూడు రోజుల్లో డిశ్చార్జి. రక్తనాళాలు తారుమారైన నవజాత శిశువుకు మాత్రం ఈ దారి లేదు. ఆ నాళాలను సరిచేసే ఆర్టీరియల్ స్విచ్ ఆపరేషన్ మొదటి రెండు మూడు వారాల్లో జరగాలి, అప్పటికి బిడ్డకు పాస్‌పోర్టు కూడా చేతికి రాదు.

ఎక్కువగా బెడిసికొట్టేది ఎంపిక దగ్గరే. ఎనిమిది నెలల కిందటి ఎకో (గుండె స్కాన్) చూసి ఆసుపత్రి సరేనంటుంది. డబ్బు, పాస్‌పోర్టు, వీసా అయ్యేసరికి ఇంకో నాలుగు నెలలు. పెద్ద వీఎస్‌డీ ఉన్న బిడ్డకు ఆలోపు ఊపిరితిత్తుల్లో ప్రెజరు పెరిగిపోయి, ఇక్కడ క్యాథ్ (గుండెలోకి గొట్టం పంపి ప్రెజరు కొలవడం) చేశాక 'ఇక మూయలేం' అని తేలుతుంది. తల్లి అంత దూరం వచ్చి ఆపరేషన్ లేకుండానే తిరిగి వెళ్లాలి. అందుకే టికెట్టు కొనే ముందు నెలలోపు తీసిన ఎకో వీడియో (రిపోర్టు కాగితం చాలదు), ఛాతీ ఎక్స్‌రే, బరువు, కుడిచేతి వేలికీ కాలి వేలికీ పెట్టి చూసిన ఆక్సిజన్ శాతం తెప్పించండి. వీఎస్‌డీ ఉన్న మూడేళ్ల పిల్లకు ఆ రెండు అంకెల్లో ఏదైనా తొంభై అయిదుకు దిగువన ఉంటే ఆ ప్రెజరు పెరిగిందేమోనని టికెట్టు ఆపి కార్డియాలజిస్టును మళ్లీ అడగాలి.

మరో మూడు పరీక్షలు అక్కడే అయిపోవాలి. ఒకటి పళ్లు. పుచ్చుపళ్లతో వస్తే గుండె లోపలి పొరకు ఇన్‌ఫెక్షన్ పాకుతుందని ఆపరేషన్ వాయిదా వేస్తారు. రెండోది సికిల్ సెల్ (ఎర్రకణాలు వంకరపోయే వంశపారంపర్య జబ్బు) పరీక్ష. ఆపరేషన్ వేళ గుండె, ఊపిరితిత్తుల పని చేసే హార్ట్-లంగ్ మెషిన్ మీద ఒంటిని చల్లబరిచినప్పుడు ఆ కణాలు కొడవళ్లలా వంగి నాళాల్లో అడ్డం పడతాయి; ముందే తెలిస్తే రక్తమార్పిడి చేసి సిద్ధం చేస్తారు. మూడోది మలేరియా స్మియర్ (రక్తచుక్క పరీక్ష). ఇవి కాక, దగ్గు జ్వరంతో దిగిన బిడ్డకు మత్తు ఇవ్వరు, నాలుగు వారాలు ఆగమంటారు. ఈ-మెడికల్ వీసా గడువు మొదట అడుగుపెట్టిన రోజు నుంచి 60 రోజులే కాబట్టి ఆ నాలుగు వారాలు చాలా ఖరీదైనవి.

ఆ వీసా మీద ఇద్దరు అటెండెంట్లు రావచ్చు. ఈ-వీసా జాబితాలో లేని దేశాల వాళ్లు రాయబార కార్యాలయంలో అర్జీ పెట్టుకోవాలి. ఎల్లో ఫీవర్ ఉన్న దేశాల నుంచి వస్తుంటే టీకా కార్డు తప్పనిసరి. టీకా వేసుకున్న పదో రోజు నుంచే అది చెల్లుతుంది. కార్డు లేకుండా దిగితే ఆరు రోజుల దాకా క్వారంటైన్. తల్లీబిడ్డలను మీ ఇంట్లోనే పెట్టుకుంటే 24 గంటల్లోపు ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ (విదేశీయుల రిజిస్ట్రేషన్ కార్యాలయం) సైట్‌లో వాళ్ల వివరాల ఫారం నింపాల్సింది మీరే, ఆసుపత్రి కాదు. నీలిరంగు తేలిన టెట్రాలజీ బిడ్డకు విమానంలో ఆక్సిజన్ కోసం డాక్టరు సంతకంతో ఎయిర్‌లైన్స్ వైద్య ఫారం ముందే పంపాలి. దారిలో గంటగంటకూ నీళ్లో పాలో తాగించాలి. అసలే చిక్కగా ఉన్న రక్తం నీరు తగ్గితే మెదడులో గడ్డకట్టే ప్రమాదం ఉంది.

ఆసుపత్రితో మాట్లాడేటప్పుడు ప్యాకేజీ ఎంత అని కాదు, ప్యాకేజీలో ఏవి లేవని అడగండి. ఐసీయూ ఎన్ని రోజుల వరకు? రక్తం, ప్లేట్‌లెట్లు కలిశాయా? ఊపిరితిత్తుల ప్రెజరు తగ్గించే నైట్రిక్ ఆక్సైడ్, గుండె మొరాయిస్తే దాని పని చేసే ఎక్మో యంత్రం, ఛాతీ మళ్లీ తెరవాల్సి వస్తే? విదేశీ రేటా, చారిటీ రేటా? అన్నీ కాగితం మీద రాయించుకుని, పైన మూడోవంతు అదనంగా పక్కన పెట్టండి. రక్తం మాత్రం మీ చేతిలో పని: అదే గ్రూపు వాళ్లు ఆరుగురు సిద్ధంగా ఉండాలి. మగవాళ్లు 90 రోజులకు, ఆడవాళ్లు 120 రోజులకు ఒకసారే ఇవ్వగలరు కాబట్టి మొన్ననే క్యాంపులో ఇచ్చినవాళ్ల పేర్లు రాసుకుని లాభం లేదు.

డిశ్చార్జి కాగానే విమానం ఎక్కించాలన్న తొందర అందరికీ ఉంటుంది, గది అద్దె మిగులుతుందని. అది చేయొద్దు. ఆపరేషన్ తర్వాత రెండు మూడు వారాలకు గుండె చుట్టూ ఉన్న సంచిలో నీరు చేరడం ఉంది, ముఖ్యంగా ఏఎస్‌డీ మూసిన పిల్లల్లో. పైకి కనిపించేది ఇంతే: పాప డీలా పడుతుంది, అన్నం వద్దంటుంది, వాంతి చేసుకుంటుంది, కడుపునొప్పి అంటుంది. తల్లి అజీర్తి అనుకుంటుంది. ఎకో పెడితే క్షణంలో తేలే విషయం, ఎకో లేని ఊళ్లో ప్రాణం మీదికి తెస్తుంది. కనీసం మూడు వారాలు నారాయణ హృదయాలయ ఉన్న బొమ్మసంద్ర చుట్టుపక్కలనో, మీ ఆసుపత్రికి దగ్గరగానో గది తీసి ఉంచి, మూడో వారం ఎకో చూశాకే టికెట్టు. వంట చేసుకునే గది అయితే మరీ మంచిది. తూర్పు ఆఫ్రికా తల్లులకు మన సంగటి లాంటి ఉగాలి ఉంటే చాలు, మొక్కజొన్న పిండి ఏ కిరాణాలోనైనా దొరుకుతుంది.

కీళ్లవాత జ్వరంతో (రుమాటిక్ ఫీవర్) గుండె కవాటాలు పాడైన పదేళ్లు దాటిన పిల్లల విషయంలో నేను కాస్త కఠినంగానే ఉంటాను. మెటల్ కవాటం పెడితే జీవితాంతం రక్తం గడ్డకట్టనివ్వని వార్ఫరిన్ మాత్ర, దానితోపాటు అది ఎంత పనిచేస్తోందో చూసే ఐఎన్‌ఆర్ రక్తపరీక్ష. మోతాదు తగ్గితే కవాటం మీద గడ్డ, ఎక్కువైతే రక్తస్రావం. ఆడపిల్లయితే రేపు గర్భం వచ్చినప్పుడు ఆ మాత్ర బిడ్డకు చేటు. ఆ జ్వరం మళ్లీ రాకుండా మూడు నాలుగు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ ఏళ్ల తరబడి సాగాలి. ఐఎన్‌ఆర్ చూసే ల్యాబు వాళ్ల ఊరికి బస్సు దూరంలో లేకపోతే ఆ కేసు తీసుకోకండి, లేదా కవాటం మార్చకుండా బాగుచేయగలమని సర్జన్ ముందే చెప్పాలి.

బృందాన్ని పంపడం

ఫొటోలకు ఇదే బాగుంటుంది. పది రోజుల్లో పది పన్నెండు మంది పిల్లలు, బ్యానర్లు, మంత్రిగారు. చిన్న సంఘానికి మాత్రం ఇది అన్నిటికన్నా కష్టమైన దారి. సర్జన్ ఒక్కడు వెళ్తే ఏమీ జరగదు. మత్తు డాక్టర్లు, హార్ట్-లంగ్ మెషిన్ నడిపే పెర్ఫ్యూజనిస్టు, ఎకో చూసే కార్డియాలజిస్టు, ఐసీయూ డాక్టర్లు, బయోమెడికల్ టెక్నీషియన్, అందరికన్నా ఎక్కువమంది ఐసీయూ నర్సులు: పదిహేనుకు తగ్గదు. ప్రతి ఒక్కరికీ ఆ దేశపు వైద్య మండలి తాత్కాలిక అనుమతి కావాలి.

సామాన్లలో ఒక్క వస్తువు తక్కువైనా ఆపరేషన్ల లిస్టు ఆగిపోతుంది. ఆ మెషిన్‌లో రక్తానికి ఆక్సిజన్ ఎక్కించే చిన్న సైజు ఆక్సిజనేటర్లు, నాళాల్లో పెట్టే కాన్యులాలు, రక్తం గడ్డకట్టే సమయం చూసే ఏసీటీ ట్యూబులు, గుండె లయ నిలిపే పేసింగ్ వైర్లు, వాటి పెట్టె. రక్తంలో ఆక్సిజన్ లాంటివి కొలిచే బ్లడ్‌గ్యాస్ కార్ట్రిడ్జిలు చల్లదనంలో ఉండాలి; కస్టమ్స్ గోడౌన్‌లో రెండు రోజులు ఎండకు పడి ఉంటే తప్పుడు అంకెలు చూపిస్తాయి. గడువు దగ్గరపడిన మందులు చాలా దేశాలు రానివ్వవు, కనీసం ఏడాది గడువు మిగిలినవే పంపాలన్నది డబ్ల్యూహెచ్‌ఓ నియమం.

అసలు గండం రాత్రిపూట. బైపాస్ (హార్ట్-లంగ్ మెషిన్) నుంచి బయటికొచ్చిన ఆరు నుంచి పన్నెండు గంటల మధ్య గుండె బాగా బలహీనపడుతుంది. టెట్రాలజీ బిడ్డకు మొదటి రెండు రోజుల్లో గుండె ఒక్కసారిగా 180, 200కు పరుగెత్తే లయ మార్పు రావచ్చు. ఒంటిని చల్లబరచాలి, లయ సరిచేసే అమియోడరోన్ మందు ఎక్కించాలి, పేసింగ్ పెట్టాలి. తెల్లవారుజామున మూడింటికి దాన్ని మొదట పట్టేది మంచం పక్కన నర్సే. అందుకే తెలిసిన బృందాలు కష్టమైన కేసులు మొదటి సగంలో, తేలికవి తర్వాత పెట్టుకుంటాయి, చివరి రోజుల్లో కత్తి పట్టవు. మీ దగ్గరికొచ్చిన ప్రతిపాదనలో తిరుగు ప్రయాణానికి ముందురోజు కూడా ఆపరేషన్ ఉంటే దాన్ని పక్కన పెట్టేయండి.

డబ్బు సంగతి కూడా ఇక్కడ తిరకాసే. మన దేశంలో రిజిస్టరైన ట్రస్టు దేశం బయట పెట్టిన ఖర్చుకు, ప్రత్యేక అనుమతి లేకపోతే పన్ను మినహాయింపు దక్కదు. బెంగళూరు ఆసుపత్రికి చెక్కు ఇస్తే ఆ గొడవ లేదు. ఏ దారైనా ఒక జాగ్రత్త: అమెరికాలో ఉన్న బావగారు భారత పౌరుడే అయి, సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. ఆయన అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే అవుతుంది, ఓసీఐ కార్డు ఉన్నా సరే. మీ సంఘానికి విదేశీ విరాళాలు తీసుకునే ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి లేకపోతే ఆ డబ్బు ముట్టుకోవద్దు.

అక్కడివాళ్లకు ఇక్కడ శిక్షణ

పదేళ్ల లెక్క వేస్తే మిగతా రెండూ దీని ముందు నిలబడవు. నవజాత శిశువు బతకాలంటే ఇదొక్కటే దారి. కానీ ఆర్నెల్లకు తగ్గితే ఉపయోగం లేదు. డాక్టరైతే నేషనల్ మెడికల్ కమిషన్ తాత్కాలిక అనుమతి లేకుండా చేత్తో పని చేయనివ్వరు, చూసి వెళ్లడమే. తిరిగి వెళ్లిన నర్సును ప్రసూతి వార్డుకు మార్చేయడం, లేదా ఆమె గల్ఫ్‌కు వెళ్లిపోవడం మామూలే. కనుక ఒకే ఐసీయూ నుంచి కనీసం నలుగురిని తీసుకోవాలి, రెండేళ్లు అదే యూనిట్‌లో ఉంచుతామని ఆసుపత్రి రాసివ్వాలి. తర్వాత ఆక్సిజనేటర్లు కొనే బడ్జెట్ ఎవరిదో తేలకపోతే నేర్చుకున్నది ఏడాదిలో చేజారిపోతుంది.

పదిహేను లక్షలున్న సంఘానికి నేను చెప్పేది: బిడ్డను ఇక్కడికే రప్పించండి, కానీ ఆ బిడ్డను పంపే ఆసుపత్రి నుంచి ఒక నర్సునో పిల్లల డాక్టర్‌నో కూడా పిలవండి. ఆపరేషన్ నుంచి మూడో వారం ఎకో దాకా ఆమె పక్కనే ఉండి చూస్తుంది, వెళ్లాక ఆ బిడ్డ ఆమె చేతిలోనే ఉంటుంది. ఖర్చు ఇంకో టికెట్టు, ఇంకో గది. ఆమెను అటెండెంట్ వీసా మీద ఎక్కించకండి, అది బిడ్డ తాలూకు వాళ్లకు. ఆసుపత్రి నుంచి విడిగా ఆహ్వాన పత్రం తీసుకోండి. ఒకటి, మూడు, ఆరు, పన్నెండు నెలలకు బరువు, ఆక్సిజన్ శాతం, ఎకో పంపుతానని టికెట్టు కొనక ముందే ఆమె సంతకం చేసిన కాగితం మీ ఫైల్లో ఉండాలి.

ఇక మిగిలినవి. ఆన్‌లైన్ క్రౌడ్‌ఫండింగ్‌లో ముక్కూ మొహం తెలియని బిడ్డకు పంపాలనుకుంటే, డబ్బు నేరుగా ఆసుపత్రి ఖాతాకు వెళ్లేవాటికే పంపండి. వాడేసిన ఎకో మెషిన్లు, వెంటిలేటర్లు ఓడలో పంపుతామనేవాళ్లున్నారు; విడిభాగాలు, రిపేరు మనిషి, సరైన వోల్టేజీ లేక అవి అక్కడ మూలన పడతాయి, వద్దు.